ఇప్పటివరకు

శుక్రవారం పది గంటలకి ఆవిడ స్వెటర్ జేబులో నీలిమందు పొట్లం దాచుకుని దొంగని పట్టడానికి బయలుదేరింది.

ఎండ మాడు పగలగొడుతోంది. అయినా స్వెటరే. నెల రోజులుగా ఆ పొడుగు చేతుల స్వెటర్ ఒంటి మీంచి దిగడం లేదు. "ఉడికిపోతావమ్మా," అంటుంది కూతురు. "చలి చెప్పి వస్తుందా?" అంటుంది ఆవిడ.

ఆవిడ లెక్కలో ఏదీ చెప్పి రాదు. తుమ్మొస్తే న్యుమోనియా, ఫోన్ మోగితే చావు కబురు. ఎవరైనా "బాగున్నారా?" అంటే "ఇప్పటివరకు," అంటుంది. ఆ తర్వాత వాళ్ళు ఇంకేమీ అడగరు.

అలాంటి తల్లికి పుట్టిన పిల్ల వైరస్‌ల మీద పరిశోధన చేస్తోంది. తాడుని చూసి పామనుకునేవాళ్ళ ఇంట్లో పాములు పట్టేవాడు పుట్టినట్టు.

"యాంటీబాడీలంటే ఏంటే?" అని ఓసారి అడిగింది.

"కాపలావాళ్ళనుకో అమ్మా. ఒంట్లో దూరిన దొంగకి గుర్తు పెడతారు. ఆ గుర్తు చూసి మిగతావాళ్ళొచ్చి పట్టుకుంటారు. ఒక్కోసారి కంగారులో ఇంటివాళ్ళకే గుర్తు పెట్టేస్తారు. అప్పుడొస్తుంది అసలు చిక్కు."

ఆవిడకి మొదటి సగమే గుర్తుంది. నీలిమందు ఉపాయం అందులోంచి పుట్టిందే.

కూతురి ల్యాబులో ప్రతి శుక్రవారం కింది అంతస్తులో ఊళ్ళోవాళ్ళ రక్తం తీసుకుని, చిన్న చిన్న గొట్టాల్లో పట్టి చల్లపెట్టెలో పెడతారు. జ్వరం వచ్చి తగ్గినవాళ్ళ రక్తంలో కాపలావాళ్ళు ఎంతకాలం నిలబడతారో పైఅంతస్తులో కూతురు చూస్తుంది. అయితే నాలుగు వారాలుగా సాయంత్రం లెక్కలో ఒక గొట్టం తగ్గుతోంది. ఇంకొక్కటి పోతే బాధ్యత నీదేనని పెద్ద సారు కూతురితో తేల్చి చెప్పేశాడు. ఆ సంగతి కూతురు ఫోన్లో ఎవరికో చెబుతుంటే తలుపు సందులోంచి విన్నది. వినడం తప్పే. వినకపోతే నిద్ర పట్టదు, ఏం చేస్తుంది?

దొంగెవరో కూడా ఆవిడ తేల్చేసింది. పెట్టె పైకి మోసుకెళ్ళే గళ్ళచొక్కా. వాడు పని చేస్తూ ఈల వేస్తాడు. ఈల వేసేవాడికి లోకంలో ఏ భయమూ లేదని అర్థం. భయం లేనివాణ్ణి ఆవిడ నమ్మదు.

రక్తం ఇచ్చేవాళ్ళ వరసలో కుర్చీలో కూర్చుంది. ఆ వరసలో కూర్చుంటే ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఇది ఐదో శుక్రవారం. వచ్చి, కిటికీలు సరిగ్గా మూశారో లేదో, నిప్పంటుకుంటే పిల్ల ఏ మెట్లు దిగి రావాలో చూసుకుని, గండం గడిచిందనుకుని వెళ్తుంది. కూతురికి తెలియదు. గోడ మీద చాలా నిబంధనలు అంటించారు. చెప్పులు బయట విడవాలి, సిబ్బంది చుట్టాలు రక్తం ఇవ్వకూడదు, పిల్లల్ని తేకూడదు. ఆవిడ అవన్నీ చదవదు. 'ప్రమాదం' అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని మాత్రం వెతుకుతుంది.

నర్సు దూది కోసం అటు తిరిగింది. ఇటు పెట్టె మూత అంచు కింద నీలిమందు పడింది. పని చేసేటప్పుడు అందరికీ చేతి తొడుగులుంటాయి. ఉత్త చేతులతో మూత తీసేవాడే దొంగ. చల్లపెట్టెకి చెమ్మ, చెమ్మకి నీలం. సబ్బుకి లొంగదు. ముప్పై ఏళ్ళు తెల్లబట్టలు ఉతికిన అనుభవం అది.

గళ్ళచొక్కా తొడుగులు వేసుకుని ఈల వేస్తూ వచ్చాడు. "ఏం పెద్దమ్మా, బాగున్నారా?"

"ఇప్పటివరకు," అంది ఆవిడ, వాడి వేళ్ళ వంకే చూస్తూ.

సాయంత్రం గుమ్మంలోనే కూతుర్ని ఆపేసింది. "దొరికాడా?"

"ఎవరు?"

"దొంగే! గళ్ళచొక్కా వేళ్ళు చూశావా? నీలంగా లేవూ?"

కూతురు చెప్పులు విప్పబోయి ఆగింది. "ఆ నీలిమందు చల్లింది నువ్వా?"

"మరి? గుర్తు పెట్టాలని నువ్వేగా చెప్పావు!"

కూతురు జేబుల్లోంచి చేతులు తీసింది. మూడు వేళ్ళు నీలం.

"అమ్మో! నువ్వా?" అర నిమిషంలో ఆవిడ కూతుర్ని జైల్లో పెట్టి, ములాఖత్‌కి కూడా వెళ్ళొచ్చింది. "ఎవడికి అమ్ముకున్నావే?"

"అమ్మలేదు. పారేశాను. ఐదు గొట్టాలూ ఒక్క మనిషివే. ఎదురింటావిడ పేరు పెట్టుకుని ఇస్తోంది. బయటపడితే ఆ మనిషి మీద కేసు, మా మూడేళ్ళ పని చెత్తబుట్టలోకి. పిలిచి అడుగుదామంటే, విని గుండాగి పోతుందేమోనని నా భయం. గుట్టుగా తీసేస్తూ వచ్చాను. ఇవాళ కంగారులో ఉత్త చేతులతో మూత తీసి, తర్వాత తొడుగులు వేసుకున్నాను. సారు ముందు అవి విప్పాను, అంతే. సోమవారంలోగా ఎవరి కోసం చేశావో చెప్పు, లేదంటే మళ్ళీ రానక్కర్లేదు అన్నారు."

ఆవిడ స్వెటర్ చేతులు ఇంకాస్త కిందికి లాక్కుంది. "అది... ఎదురింటావిడ కాదని నీకెలా తెలుసు?"

కూతురు బ్యాగులోంచి ఎదురింటావిడ పేరుతో నింపిన దరఖాస్తు తీసి, నీలం వేలు ఒక గడి మీద పెట్టి చదివింది:

"జబ్బులేమైనా ఉన్నాయా? 'ఇప్పటివరకు లేవు.'"