గోదాములో బస్సు

"దిగమ్మా! అందరూ చూస్తాండారు," మేరి గొంతు తగ్గించి, పళ్లు బిగించి అంది.

గంగమ్మ దిగలేదు. మూటను ఒళ్లో సర్దుకుని, కొంగు తలమీదికి లాక్కుని, డ్రైవరు వెనక సీట్లో కుదురుగా కూర్చుంది.

ఆదోని పత్తి సాహుకారు ఇంద్రసేనయ్య తన ఖాళీ గోదామును ఆ నెలలోనే ప్రదర్శనశాల చేశాడు. ఒకప్పుడు ఊళ్లో జనాన్ని మోసిన బండ్లన్నీ అందులో పెట్టించాడు. జట్కాలు, సవారి బండ్లు, చివర్న ఎమ్మిగనూరుకు తిరిగిన మొదటి బస్సు. అది రెండో ప్రపంచ యుద్ధానికి ముందే మూలపడింది. ఇంజను లేదు. చక్రాల కింద ఇటుకలున్నాయి.

ఎమ్మిగనూరు బడిపిల్లలను దాన్ని చూపించడానికే తీసుకొచ్చారు. మేరి ఆ బడిలో కొత్త పంతులమ్మ. ఆమెను ఉంచుకోవాలో వద్దో హెడ్మాస్టరు రామకృష్ణయ్య ఈ వారమే పైకి రాసి పంపాలి. సరిగ్గా నిన్ననే కోసిగి నుంచి తల్లి గంగమ్మ దిగింది. ఈరోజు నేనూ వస్తానంటూ వెంటపడింది.

కాపలా తిక్కయ్య బస్సు రేకు మీద తట్టాడు. "అవ్వా, డ్రైవరు కాపీకి పోయినాడు. వచ్చేదాకా కూకో!"

"రానీలేప్పా, నాకేం తొందర?"

పిల్లలు గొల్లుమన్నారు.

"ఎమ్మిగనూరు వస్తే లేపుతాంలే, పండుకో!" వెనకనుంచి ఎవరో అరిచారు. ఇంకా నవ్వులు.

రామకృష్ణయ్య కళ్లజోడు సవరించుకుంటూ వచ్చాడు. "ఎవరమ్మా మేరీ, ఆమె? నీతోనే వచ్చినట్లుండాదే?"

మేరి బస్సు వైపు చూడకుండా అంది.

"మా ఊరామె సార్. దోవలో కలిసింది."

బస్సులో గంగమ్మ తల ఒకసారి ఇటు తిరిగింది. తర్వాత కిటికీ వైపు తిరిగిపోయింది.

"పాపం, ఏమీ తెలియని మనిషి. కసురుకోవద్దు. మెల్లగా చెప్పి దించు."

మేరి మెట్టెక్కింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాక వెనక్కి తీసుకునే ధైర్యమూ లేదు. తల్లి అరచెయ్యి చిరిగిన సీటును అటూ ఇటూ నిమురుతోంది. ఆ ముఖంలోకి చూడలేక మేరి ఆ చేతినే చూస్తూ మాట్లాడింది.

"అమ్మా, ఇది యాడికీ పోదు. ఊరికే చూసేదానికి పెట్టినారు."

గంగమ్మ సీటు నిమరడం ఆపలేదు.

"తెలుసులే పాపా, ఇది తిరిగే దినాల్లో మన కులమోళ్లను ఎక్కనియ్యలేదు."