వందలోంచి ఏడు

“వందలోంచి ఏడు తీసెయ్యండి అవ్వా. మిగిలినదాంట్లోంచి మళ్లీ ఏడు. అలా దిగుతూ పోవాలి. తొందరేం లేదు,” అంది డాక్టరు లుసీలా.

దెయొలింద మగ్గం పక్కన కూర్చుని కిటికీలోంచి మామిడిచెట్టు వైపు చూస్తోంది. ఆవిడకి ఎనభై ఒకటో ఏడు నడుస్తోంది.

ఎవెలియోకి లోలోపల హాయిగా ఉంది. తనూ మనసులో దిగి చూశాడు. తొంభై మూడు, ఎనభై ఆరు... ఆ తర్వాత కాలు జారింది. తన వల్లే కానిది ఈ ముసలావిడ వల్ల అవుతుందా? అత్తకి మతి పోయిందని డాక్టరు ఒక్క ముక్క రాసిచ్చిందంటే, ఇల్లు చూసుకునే హక్కు ఒక్కగానొక్క మేనల్లుడిగా తనదే. రోడ్డు పక్క స్థలం. కొనేవాడు కూడా సిద్ధంగా ఉన్నాడు. అందుకేగా, రాజధాని నుంచి డాక్టర్ని తన ట్రక్కులో ఎక్కించుకుని ఇంతదూరం తెచ్చింది!

“కోళ్లని మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పుతోంది డాక్టరమ్మా. ఎప్పుడో పోయిన మామయ్య పేరు పెట్టి నన్ను పిలుస్తోంది. కావాలంటే ఈయన్నడగండి.”

గుమ్మంలో కూర్చుని, తెరెరె తాగడానికి ఆకుపొడి వేసిన ముంతలో చల్లటి నీళ్లు పోస్తున్న పక్కింటి సిర్యాకో తలూపాడు. “నిజమేనమ్మా. చూడలేక నేనే అబ్బాయికి ఫోన్ చేశాను.”

“తొంభై మూడు,” అంది దెయొలింద.

అందరూ అటు తిరిగారు.

“ఎనభై ఆరు. డెబ్భై తొమ్మిది...”

అక్కడ ఆగిపోయింది. పెదవులు బిగించుకుంది. సిర్యాకో చేతిలోని ముంత గాల్లోనే నిలిచిపోయింది. ఎవెలియో ముఖం విచ్చుకుంది.

“చూశారా? అంతే. పాపం, ఇక వదిలెయ్యండి.”

వీధిలో అప్పటికే దగ్గరకొస్తున్న చీజు రొట్టెల బండి “చిపా! వేడి వేడి చిపా!” అంటూ మైకులో అరుచుకుంటూ ఇంటి ముందునుంచి సాగిపోయింది. ఆ మోత సందు మలుపు తిరిగాక దెయొలింద నోరు విప్పింది.

“ఆ గోలలో నీకు వినపడదేమోనని ఆగాను తల్లీ. డెబ్భై రెండు, అరవై ఐదు, యాభై ఎనిమిది, యాభై ఒకటి, నలభై నాలుగు, ముప్పై ఏడు, ముప్పై!”

“చాలవ్వా, చాలు!”

“అప్పుడేనా? ఇరవై మూడు, పదహారు, తొమ్మిది, రెండు. ఇంకా దిగితే అప్పులో పడతాం.”

డాక్టరు ఫక్కున నవ్వింది.

“చివరి అంకెలు గమనించావా?” అవ్వ హుషారుగా ముందుకి జరిగింది. “తొంభై మూడు నుంచి ముప్పై దాకా చూడు. మూడు, ఆరు, తొమ్మిది, రెండు, ఐదు, ఎనిమిది, ఒకటి, నాలుగు, ఏడు, సున్నా. పదీ వచ్చేశాయి. పండగనాడు పిల్లలు వరసలో నిలబడి తలా ఒక చిపా పుచ్చుకున్నట్టు. ఒక్కడూ రెండోసారి చెయ్యి చాపడు!”

“బట్టీపట్టి ఉంటుంది!” ఎవెలియో ఉండబట్టలేకపోయాడు. “వేరేది అడగండి. పదమూడేసి తగ్గించమనండి!”

“ఎనభై ఏడు, డెబ్భై నాలుగు, అరవై ఒకటి, నలభై ఎనిమిది, ముప్పై ఐదు, ఇరవై రెండు, తొమ్మిది,” అంటూనే తెగిన పోగు ముడేసింది అత్త. “ఇక నీ వంతురా. ఏడుతోనే చెప్పు. తొంభై మూడు, ఎనభై ఆరు... తర్వాత?”

“ఎనభై... ఎనభై...”

“ఎనభై దగ్గరే ఉండిపో నాయనా. మీ అత్తకి తోడుగా ఉంటావు!” సిర్యాకో పొట్ట పట్టుకుని నవ్వాడు.

డాక్టరు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ‘పూర్తి మతిస్థిమితంతో ఉన్నారు’ అని రాసి, సంతకం చేసి, ముద్ర వేసి, కాగితం అవ్వ చేతిలోనే పెట్టింది. “మీ వయసులో నాకూ ఇలాంటి బుర్ర ఉంటే అంతే చాలవ్వా!”

ఎవెలియో తలవంచుకుని బయటికి నడిచాడు. ట్రక్కు దాకా వెళ్లాక జేబు తడుముకుంటే తాళంచెవి లేదు. డాక్టర్ని అక్కడే ఉండమని వెనక్కి వచ్చాడు. తలుపు తొయ్యబోతుంటే లోపల్నుంచి సిర్యాకో గొంతు వినిపించింది.

“ఎనభై దాటినవాళ్లు డాక్టరు కాగితం లేనిదే సంతకం పెట్టకూడదన్నాడుగా రిజిస్ట్రారు! ఇప్పుడేమంటాడో చూద్దాం.”

రిజిస్ట్రారా? ఎవెలియో తలుపుకి చెవి ఆనించాడు. అత్త ఇల్లు ఎవరికో రాసిచ్చేస్తోందా?

“అయినా దెయొలిందా, దానికోసం అంత పిచ్చి నాటకం ఆడాలా?”

అత్త పడుచుపిల్లలా కిలకిలా నవ్వింది.

“పిచ్చిదాన్ని కాకపోతే వాడు డాక్టర్ని తెచ్చేవాడా, నా పెళ్లికొడుకా?”