అత్తయ్యకి కోపం రావాలి

"ఇవాళ మీ అమ్మకి కోపం తెప్పించకపోతే నా పేరు మిర్తో కాదు!" అంది మిర్తో, మంచం దగ్గరికే వచ్చిన కాఫీ చప్పరిస్తూ. ఒడిలో ఏథెన్స్‌లో కొన్న పుస్తకం. పెళ్లయి నెలలు గడిచినా దుప్పటి కింద మొగుణ్ణి కాలితో తన్నడం ఆమెకింకా సరదాగానే ఉంది.

"మా అమ్మకా? కోపమా?" నవ్వాడు సోతిరిస్. "చిన్నప్పుడు ఆవిడ పెళ్లినాటి పళ్లేలన్నీ పగలగొట్టేశాను. 'కాలికేం గుచ్చుకోలేదు కదరా' అంది, అంతే."

"అదే మరి! ఇందులో చూడు. 'కోపం రాని ఆడదాని ఇంట్లో పొయ్యి ఒక్కటే మండుతుంది.' అబ్బ, ఒళ్లు జల్లుమంటోంది."

"అది కాఫీ వేడి రాణీగారూ."

"వెటకారాలాపి చెప్పింది చెయ్యి. పొద్దెక్కాక ఏదో వంక పెట్టి మామయ్యని కాఫీ కొట్టుకి పంపు."

"తడిపిస్తావా? ఈ చలిలోనా?"

"ఇన్నేళ్లు ఆవిడ చేత చాకిరీ చేయించుకున్నందుకు ఒక్క బకెట్ ఎక్కువేం కాదు."

ఏటా ఈ రోజున, జనవరి ఎనిమిదిన, ఆ ఊళ్లో ఆడవాళ్ల రాజ్యం. మగవాళ్లు ఇంట్లో అంట్లు తోముకోవాలి. ఆడవాళ్లు కాఫీ కొట్లో కూర్చుని పేకాడతారు. వీధిలో మగాడు కనబడితే నెత్తిన నీళ్లే.

కుర్చీ మీద ఇస్త్రీ వేడి ఆరని గౌను సిద్ధంగా ఉంది. అది తొడుక్కుంటుంటే మిర్తోకి ప్రాణం లేచొచ్చింది. కిందికి దిగేసరికి అత్తగారు ఎవాంథియా ఇంకా గిన్నెలు తుడుస్తోంది.

"అత్తయ్యా! ఇవాళైనా వదిలెయ్యండి. మామయ్య చూసుకుంటారుగా!"

"ఆయనవి ఆయన ఎప్పుడూ కడుక్కుంటాడమ్మా. ఇవి మీ ఇద్దరివి."

మిర్తో అప్పటికే గుమ్మం దాటేసింది.

కాఫీ కొట్టు గోలగోలగా ఉంది. మిర్తో కుర్చీ ఎక్కి పుస్తకం తెరిచింది.

"'నీ చేతిది తిని, తాగి, తొడుక్కుని, నీ వంక చూడనివాళ్లు దొంగలు. దొంగని చూసి నవ్వుతూ నిలబడతావేం?'"

ఆడవాళ్లు బల్లలు బాదారు. "మా ఆయనైతే పోయాక కూడా తిరిగొచ్చి, మేజోళ్లెక్కడని నన్నే అడుగుతాడు!" అని అరిచింది రొట్టెల కొట్టు ఫ్రోసో.

ఎవాంథియా నవ్వలేదు. సారా గ్లాసు పక్కన పెట్టింది.

"అమ్మాయ్, అది ఇంకోసారి చదువు."

మిర్తో చదివింది. ఆవిడ ముక్కుపుటాలు అదరడం చూసి గుండె గంతులేసింది. వస్తోంది, వస్తోంది!

"సొంతవాళ్లని కూడా దొంగలే అనుకోవాలా?" అడిగింది ఎవాంథియా.

"సొంతవాళ్లే అసలు దొంగలు అత్తయ్యా!"

"చెడ్డవాళ్లు కారే. ముద్దుగా మాట్లాడతారు, నవ్విస్తారు..."

"వాళ్లే మరీ ముదుర్లు! జాలిపడ్డారో, జీవితమంతా చాకిరే!"

"నిజమే. చెప్పకుండా వాళ్లకి తెలీదు."

"చెప్పడం కాదు, చూపించండి!"

అంతలో తలుపు తెరుచుకుంది. మామగారు లాజరోస్, నడుముకి ఏప్రన్‌తో, చేతులనిండా సబ్బు నురగతో. "నన్నెవరో పిలుస్తున్నారని సోతిరిస్ చెప్పాడు..."

"దొరికాడు!" కొట్టు దద్దరిల్లిపోయింది. ఫ్రోసో నిండు బకెట్ తెచ్చి ఎవాంథియా చేతికిచ్చింది. మిర్తో కుర్చీ దిగి అత్తగారి పక్కకి పరిగెత్తింది.

"ఇన్నాళ్ల కోపమంతా తీర్చేసుకోండి అత్తయ్యా! నేనున్నాను!"

ఎవాంథియా రెండు చేతులా బకెట్ ఎత్తింది. కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. లాజరోస్ గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

ఆవిడ గురిచూసి కోడలి నెత్తిన గుమ్మరించింది.