పేరు తర్వాత పెట్టుకోండి

ముసలాయన కారు కిటికీలోంచి తల లోపలికి దూర్చి, ముక్కు ఎగబీలుస్తూ సీటు వాసన చూశాడు.

కారు కొనడానికి వచ్చిన ల్యాబ్ మేడమ్ ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆస్పత్రి ల్యాబులో పొద్దస్తమానం పరాయివాళ్ల రక్తం, కఫం పరీక్షించే మనిషి ఆమె. అయినా గ్లవ్స్ లేనప్పుడు ఎదురయ్యే మురికి అంటే ఆమెకు ఒళ్లు జలదరిస్తుంది. ఈయన చొక్కా కాలరు జిడ్డుతో నల్లగా మెరుస్తోంది. గోళ్ల నిండా మట్టి. కారుతున్న ముక్కును తుడుచుకుని, అదే చేత్తో కారు తలుపు పట్టుకున్నాడు.

“చెయ్యి తియ్యవయ్యా” అంది.

ఆయన తీయలేదు. “ఈ బండి ఎవరి కోసం తల్లీ?”

“నీకెందుకు?”

అది ఎవరి కోసమో ఆ మనిషి పక్కనే నిలబడి ఉంది. ఆమె ఏడేళ్ల కూతురు. పాపకు ఉబ్బసం. ఊపిరి అందనప్పుడు పావుగంటలో ఆస్పత్రిలో ఉండాలి. భర్తది ఊళ్లు తిరిగే ఉద్యోగం. మొన్నోసారి ఏ బండీ దొరక్క, పాపను భుజాన వేసుకుని నడిరోడ్డు మీద పరుగెత్తింది. అందుకే ఈ సెకండ్ హ్యాండ్ కార్ల షాపుకు వచ్చింది. ఆమెకు సోకులు అక్కర్లేదు. దారిలో ఆగని బండి అయితే చాలు.

షాపు ఓనరు సంగతి చెప్పాలి. ఇస్త్రీ చొక్కా, ఘాటు సెంటు, తేనె పూసిన మాట. బానెట్ ఎత్తకముందే పాప ముందు గొంతుక్కూర్చున్నాడు.

“బంగారూ, దీనికి ఏం పేరు పెడదాం?”

పాప ఆ బూడిదరంగు కారును ముందు నుంచి, వెనక నుంచి చూసింది.

“గున్న. ఏనుగు పిల్లలా ఉంది కదా.”

“ఇంకేం, గున్నమ్మ నీదే.”

పిల్లలతో వచ్చిన ప్రతివాళ్లనూ అతను ఇలాగే బుట్టలో వేస్తాడు. ఇంజన్ చూపించడు, పేరు పెట్టిస్తాడు. పేరు పెట్టిన బండిని వద్దంటే పిల్ల ఏడుస్తుందని అతనికి తెలుసు. పసిపిల్లల ముద్దుమాటను కూడా అమ్ముకుని తినే రకం.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

“అప్పుడే పేరు పెట్టేశారా? పేరు తర్వాత పెట్టుకోండి తల్లీ. పేరు పెట్టాక ఇక లోపాలు కనిపించవు. ముందు ఈ సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు.”

అంటూనే లోపలికి చెయ్యి చాచి బెల్టు పట్టుకున్నాడు. అంతలో దగ్గు తెర వచ్చింది. తుంపరలు సీటు మీద పడ్డాయి.

“ఛీ, పాప కూర్చునే చోటు అది.” ఆమె ఓనరు వైపు తిరిగింది. “ఎవరండీ ఈ మనిషి?”

ఓనరు తడుముకోలేదు. “ఎవడో తిక్కలోడు మేడమ్. రోజూ వచ్చి బేరాలు చెడగొడతాడు.”

“మరి ఊరుకుంటారేం? పంపించేయండి. లేకపోతే నేనే వెళ్లిపోతా.”

ఓనరు ఆయన రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్లి, గేటు దగ్గర ఒక్క తోపు తోశాడు. ఆయన వెల్లకిలా పడ్డాడు. లేవడానికి చాలాసేపు పట్టింది.

ఆమె చూసింది. చూసి, సంచిలోంచి స్పిరిట్ దూది తీసి, ఆయన ముట్టుకున్న మేర బెల్టును శుభ్రంగా తుడిచింది. దాన్ని చివరిదాకా లాగాలని మాత్రం అనిపించలేదు. మనిషి మీద అసహ్యం కలిగితే మాట చెవిన పడినా బుర్రకెక్కదు.

కారును ఒక చుట్టు నడిపి చూసింది. మెత్తగా నడిచింది. లోపలంతా సెంటు గుబాళింపు. ఎంత శుభ్రంగా ఉంచారో అనుకుంది.

మూడు రోజుల తర్వాత, సోమవారం పొద్దున, ఓనరు నవ్వుతూ తాళం చెవి పాప చేతిలో పెట్టాడు.

నెల తిరిగింది. ఒక వాన సాయంత్రం పాపకు ఆయాసం వచ్చింది. గున్నమ్మ సగం దారిలో ఆగిపోయింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా చప్పుడు లేదు.

“గున్నా, కదులు” అంటూ పాప ఎగశ్వాసతోనే సీటు నిమిరింది.

వెనక వస్తున్న పాల వ్యాను డ్రైవరు ఎక్కించుకోబట్టి పిల్ల దక్కింది.

మర్నాడు మెకానిక్ వచ్చాడు. బానెట్ జోలికి పోలేదు. ముందు సీటు బెల్టు చివరిదాకా లాగాడు. చివర జానెడు మేర ఎండిన బురద. కింద పరిచిన కార్పెట్ పీకాడు. బూజు, తుప్పు, కుళ్లు కంపు. ఆమె ముక్కు మూసుకుంది.

“వరదలో మునిగిన బండి మేడమ్. పైన పటారం, లోన లొటారం. వైర్లన్నీ పాడైపోయాయి. ఎక్కడ కొన్నారు?”

షాపు పేరు చెప్పింది.

“అక్కడ ఒక పెద్దాయన ఉండేవారే. మాకందరికీ పని నేర్పిన మనిషి. ఆయన చెప్పలేదా?”

“చెప్పారు.” ఆమె ముక్కు మీది చెయ్యి దించింది. “మురికిగా ఉన్నారని నేనే గెంటించాను.”

తన మీద తనకే రోత పుట్టింది. పిల్ల ప్రాణం కాపాడే మాట చెప్పిన మనిషిని ముట్టుకోవడానికి అసహ్యించుకుంది. ఆ సెంటు కొట్టినవాడికి మాత్రం నమస్కారం పెట్టింది.

“ఆయన ఎక్కడుంటారు? ఒకసారి కనపడి క్షమించమని అడగాలి.”

“పోయారు మేడమ్. గేటు దగ్గర పడ్డప్పుడు తలకు దెబ్బ తగిలింది. మా షెడ్డుకు తీసుకొచ్చి డాక్టరుకు చూపించాం. మూడో రోజు దాటలేదు. మీరు బండి ఎప్పుడు తీసుకున్నారు?”

“పోయిన నెల మొదటి సోమవారం. పొద్దున్నే.”

మెకానిక్ బెల్టు మీంచి చెయ్యి తీసేశాడు.

“ఆ పొద్దున్నే మేం నలుగురం మెకానిక్కులం ఆయన్ని మోసుకెళ్లాం. కన్నకొడుక్కి ఫోన్ చేస్తే, ‘షాపులో ఒక మేడమ్‌కు కారు తాళాలివ్వాలి, మీరే కానిచ్చేయండి’ అన్నాడు.”