డాక్టరుగారి పర్యవేక్షణలో

"నిజం చెప్పమ్మా. పద్నాలుగో తేదీ అపెండిక్స్ ఆపరేషన్‌లో డాక్టరు గదిలో ఉన్నాడా, లేడా?"

రాష్ట్ర నర్సింగ్ బోర్డు నుంచి తనిఖీకి వచ్చిన ప్రెంటిస్ ఫైలు మీద వేలితో టకటకా కొట్టాడు.

అడిగింది డార్లీన్ కూబిక్‌ని. మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఆ చిన్న ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా మత్తుమందు ఇస్తున్న నర్సు ఆమె ఒక్కతే. డాక్టరు పర్యవేక్షణ లేకుండా నర్సు మత్తు ఇవ్వకూడదని ఆ రాష్ట్ర చట్టం. తప్పితే లైసెన్సు రద్దు. ఆమె లైసెన్సు పోతే ఆపరేషన్ గదికి తాళమే. ఆపైన కడుపు పట్టుకున్నవాడు తొంభై మైళ్ళు పోవాలి, లేదా పైకే పోవాలి.

"ఉన్నారండీ," అంది.

"ఎవరు? కోసిన సర్జన్‌ది పక్క రాష్ట్రం. పర్యవేక్షకుడిగా ఆయన సంతకం ఇక్కడ చెల్లదు."

"మా డాక్టర్ ఎంగ్‌స్ట్రామ్‌గారండీ. ముందే సంతకం పెట్టారు."

"మధ్యలో కాఫీకని జారుకోలేదు కదా? ఈ డాక్టర్ల సంగతి నాకు తెలీదా!"

"ఆపరేషన్ అయ్యేదాకా అడుగు బయట పెట్టలేదండీ."

"నువ్విచ్చిన మోతాదుకి అడ్డు చెప్పాడా?"

"కిక్కురుమనలేదు."

ప్రెంటిస్ మొహం వెలిగింది. కాగితాలు తిరగేశాడు. రోగి పేరు ఉండాల్సిన చోట నల్లసిరా పూసి ఉంది. గోప్యత. అదీ నియమమే.

"చూశావా! ఎంత అనుభవం ఉన్నా నర్సు నర్సే. నెత్తిన డాక్టరు కన్ను ఉండబట్టి ఆ రోగి బతికి బట్టకట్టాడు. ఆదర్శప్రాయమైన పర్యవేక్షణ అని రాస్తున్నాను."

డార్లీన్ పెదవి కొరుక్కుంది. వచ్చేది నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు.

"తమ దయండీ."

ముద్ర పడింది. ప్రెంటిస్ కారు చేల మలుపు తిరిగి కనుమరుగైంది.

అప్పుడు పక్కగదిలోంచి మెల్లగా నడుచుకుంటూ వచ్చిన ఎంగ్‌స్ట్రామ్ చొక్కా పైకెత్తి, పద్నాలుగో తేదీన తన పొట్టలోంచి అపెండిక్స్ తీసినచోట వేసిన కుట్లు చూపిస్తూ, "ఇవి విప్పేటప్పుడు కూడా నేనే పర్యవేక్షించాలా, డార్లీన్?" అన్నాడు.