దవడ పన్ను

పొదిలి నుంచి తెల్లవారుజాము బస్సెక్కి వచ్చిన బాపయ్య, బ్రాడీపేటలో రూట్ కెనాల్ డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచాడు.

డాక్టరు శ్రీదివ్య చిన్న స్టీలు కడ్డీతో ఒక్కో పన్నూ తట్టింది. "నొప్పుందా?"

"లేదమ్మా."

దవడ పన్ను మీద తట్టేసరికి అతని కాళ్లు రెండూ ముడుచుకున్నాయి. "ఇక్కడ?"

"లేదు."

"బాపయ్య గారూ, మీరిట్లా దాస్తే నేనేం వైద్యం చేసేది?"

అతను అలసటగా కళ్లు మూసుకున్నాడు. "ముప్పై ఏళ్లు సంతల్లో ఎడ్ల బేరాలు చేశానమ్మా. పళ్లు చూసేవాళ్ల ముందు లోపం ఒప్పుకోవటం చేతకాదు."

ఆమె నవ్వి ఎక్స్‌రే తీసింది. ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించింది. "వేరు దగ్గర చీము పట్టింది. ఇవాళ మత్తిచ్చి, లోపల కుళ్లిన నరం తీసి మందు పెడతాను. ఇంకో రెండుసార్లు రావాలి."

"అంత తిరగలేను. పీకి పారెయ్యమ్మా."

"పీకడం ఎందుకండీ? బాగుచేస్తే ఇంకో పదేళ్లు నములుతుంది."

బాపయ్య చాలాసేపు ఆ ఫిల్ము వంకే చూశాడు.

"పశువులక్కూడా చేస్తారా ఇది?"

"ఏమోనండీ, నేను వినలేదు. ఎందుకూ?"

"మా ఎద్దు పదిరోజులు మేత ముట్టలేదు. నోరు తెరిచి చూస్తే దవడ పన్ను పుచ్చిపోయుంది. ఇక పనికిరాదని మొన్న సంతలో కబేళాకి అమ్మేశాను."

శ్రీదివ్య మత్తు సూది చేతిలోకి తీసుకుంది. బాపయ్య నోరు తెరవబోయి ఆగాడు.

"నేను పన్ను చూస్తున్నంతసేపూ కదల్లేదమ్మా అది. బాగుచేస్తాననుకుందేమో."