నమూనా మంచం

వీధివైపు అద్దాల పక్కన వేసిన నమూనా మంచం మీద మళ్ళీ ఆ మనిషే పడుకుని ఉన్నాడు.

బూట్లు విప్పి కింద వరసగా పెట్టుకున్నాడు. దిండు మాసిపోకుండా తన ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు పరుచుకున్నాడు. ఒళ్ళు మరిచి నిద్రపోతున్నాడు.

పరుపుల షోరూం మేనేజరుకు ఒళ్ళు మండింది.

మంట సగం ఆ మనిషి మీద, సగం ఆ నిద్ర మీద. అమ్మకాలు పెరగకపోతే బ్రాంచి మూసేస్తామని హెడ్డాఫీసు చెప్పిన దగ్గర్నుంచి అతనికి కంటిమీద కునుకు లేదు. రాత్రంతా తోలుచెప్పులు టకటకలాడిస్తూ ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. ఈమధ్య బేరాలు కాస్త పుంజుకున్నాయి. అదంతా తను కట్టించిన కొత్త బ్యానరు మహిమే అనుకున్నాడు. అయినా నిద్ర మాత్రం రాలేదు.

"రోజూ మధ్యాహ్నం వస్తాడు, కునుకు తీస్తాడు, పోతాడు. ఏనాడైనా ఓ దిండు కొన్నాడా?" అన్నాడు సేల్స్ అమ్మాయితో.

"పోన్లెండి సార్, పరుపేం అరిగిపోదు. పైగా..."

ఆ పైగా ఏమిటో వినే ఓపిక అతనికి లేదు. వెళ్ళి మంచం కోడును కాలితో తన్నాడు.

ఆ మనిషి లేచి కూర్చున్నాడు. తడబడలేదు. మేనేజరు కళ్ళ కింద నలుపు వైపు చూశాడు.

"రాత్రి మళ్ళీ నిద్ర లేదా సార్?"

"నీకెందుకు?"

"నడవకండి. నడుస్తుంటే ఒంటికి ఇంకా పగలే అనిపిస్తుంది."

అడక్కపోయినా ఇంకా చెప్పుకొచ్చాడు. రేపటి దిగులంతా ఓ కాగితం మీద రాసేసి పక్కగదిలో వదిలెయ్యాలట. నిద్ర పట్టకపోతే దీపం తగ్గించి, కుర్చీలో కూర్చుని, ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఉండాలట. కళ్ళు బరువెక్కాకే పక్క ఎక్కాలట.

తను రాత్రుళ్ళు నడుస్తానని వీడికెవరు చెప్పారు? మేనేజరు సేల్స్ అమ్మాయి వైపు కొరకొరా చూశాడు. ఆమె నాకేం తెలీదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఇదేమన్నా సత్రమా? వచ్చే వారం ఎండీగారొస్తున్నారు. మళ్ళీ ఈ గుమ్మం తొక్కావంటే మెడపట్టి గెంటిస్తా."

ఆ మనిషి బూట్లు తొడుక్కున్నాడు. తువ్వాలు మడిచి చంకలో పెట్టుకున్నాడు. దుప్పటి ముడతలు కూడా సరిచేశాడు.

"మంచి పరుపు సార్," అని వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి అద్దాల ముందు ఆగినవాళ్ళు లేరు.

వారం తిరిగాక ఎండీ వచ్చాడు. షోరూం అంతా ఓ చుట్టు చుట్టి నమూనా మంచం దగ్గర ఆగాడు.

"ఆయనేడీ?"

"ఎవరు సార్?"

"ఇక్కడ నిద్రపోయే ఆయన. అద్దంలోంచి ఆయన్ని చూసి, ఆ పరుపే కావాలని జనం లోపలికి వస్తున్నారటగా. మీ అమ్మకాలు లేచింది అందుకేనని విన్నాను. భలే ఆలోచనయ్యా మీది."

మేనేజరు సేల్స్ అమ్మాయి వైపు తిరిగాడు. ఆమె దిండు గలీబు సర్దుతూ తలెత్తలేదు. ఆ రోజు ఆమె చెప్పబోయిన మాట ఇదే.

"ఇవాళ... సెలవు సార్."

"రేపు పిలిపించండి. ఆయనుంటేనే బ్రాంచి ఉంటుంది," అని ఎండీ నవ్వాడు.

మేనేజరుకు అది నవ్వులా వినిపించలేదు. సాయంత్రం దాకా వెతికాడు. టీకొట్టు, పార్కు బెంచీలు, బస్టాపు. అందరూ ఆ మనిషిని చూసినవాళ్ళే. పేరు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఉసూరుమంటూ ఇల్లు చేరాడు. మెట్ల దగ్గర ఇంటి ఓనరమ్మ కింది వాటాకు తాళం వేస్తోంది.

"ఖాళీ చేశారా?" అన్నాడు మాటవరసకి. కింద ఎవరుండేవారో అతనికి ఏనాడూ తెలీదు.

"నిన్ననే బాబూ. వేరే ఊరికి బదిలీ చేయించుకున్నాడు. బస్సు డ్రైవరు కదా, తెల్లారకముందే డ్యూటీ. పైన మీ నడకకి రాత్రుళ్ళు నిద్రుండేది కాదు పాపం."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"వెళ్ళి చెప్పవయ్యా అని నేనూ పోరాను. 'ఆయనేమన్నా సరదాకి నడుస్తున్నాడా అమ్మా, ఏ దిగులుందో' అనేవాడు. మొన్నటిదాకా మధ్యాహ్నాలు ఎక్కడో కాస్త కునుకు తీసి నెట్టుకొచ్చాడు. ఇప్పుడు అదీ కుదరడం లేదట. బస్సు నిండా మనుషులుంటారు, స్టీరింగ్ దగ్గర కళ్ళు మూతలు పడితే ఎలా చెప్పండి?"

ఆమె ఏదో గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్ళి ఓ మూట తెచ్చింది.

"మీకిమ్మన్నాడు."

విప్పి చూశాడు. అడుగు చప్పుడు కాని మెత్తటి గుడ్డచెప్పుల జత, ఆకుపచ్చ గళ్ళ తువ్వాల్లో చుట్టి ఉంది.